మామిడికాయ పప్పుకు పులుపు పట్టాలి, పప్పూ మెత్తగా ఉడకాలి. ఎలా?

అందరికీ నమస్కారం. మా ఇంట్లో వచ్చేవి బోరు నీళ్లు, మరిగించిన గిన్నెకు తెల్లటి పొర కట్టేంత ఉప్పనివి. వాటితో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. అందుకే తాగే నీళ్లు పోస్తున్నాను. గంటసేపు నానబెడితే ఉత్త పప్పు వెన్నలా ఉడుకుతోంది.

చిక్కంతా మామిడికాయ వేసినప్పుడే. పులుపు పప్పును త్వరగా ఉడకనివ్వదు కనుక ముక్కలు విడిగా ఉడికించి కలుపుతున్నాను. అప్పుడేమో ముక్కది ఒక రుచి, పప్పుది ఒక రుచి! మా అత్తగారు రెండూ ఒకే గిన్నెలో ఉడికించేవారు, ఎలా కుదిరేదో మరి.

పప్పు సగం ఉడికాక ముక్కలు వేయాలా, పూర్తిగా మెదిపాక వేసి మళ్లీ ఉడికించాలా? ఉప్పు ఎప్పుడు వేయాలి? వంటసోడా సలహా మాత్రం వద్దు, ఆ వాసన నాకు పడదు. ఇంగువ, వెల్లుల్లి, ఎండుమిర్చి తాలింపు సంగతి నేను చూసుకుంటాను.