ఒంగోలు జాతిని పోగొట్టింది సూదేనా?

గన్నవరం పాడి:
మా ఊళ్లో ఆబోతు అన్నదే లేకుండా పోయింది. ఆవు ఎదకొస్తే ఫోన్ కొట్టడం, సూది వేసే ఆయన బండి మీద వచ్చి, ఆబోతు వీర్యం సూదితో ఎక్కించి (కృత్రిమ గర్భధారణ) వెళ్లడం. పుట్టిన దూడకి మూపురం ఉండదు, మే నెల ఎండకి నాలుక బయటపెట్టి రొప్పుతుంది. ఒంగోలు జాతిని చంపింది ఈ సూదే అంటాను. కాదనేవాళ్లు రండి.

లాం కుర్రాడు:
నేను కాదంటాను బాబాయ్. సూదికి జాతి ఏముంది? మూపురం లేని సీమజాతి జెర్సీ వేయమన్నది మనమే, పాల డబ్బుల కోసం. దుక్కికి ట్రాక్టర్ వచ్చాక ఒంగోలు ఎద్దుని కొట్టంలో ఎంతమంది ఉంచారు? బ్రెజిల్ వాళ్లు 1960ల్లో మన కరవది ఒంగోలు ఆబోతుని పట్టుకెళ్లారు. ఇవాళ అక్కడ నెలోర్ పేరుతో మందలకి మందలు. వాళ్లూ సూదే వేస్తున్నారు మరి.

గన్నవరం పాడి:
బ్రెజిల్ సంగతి సరే, మన సంగతి చూడు. దేశంలో ఈ సూది మొదలైంది 1939లో, మైసూరు ప్యాలెస్ డెయిరీ ఫారంలో. సంపత్ కుమారన్ గారు అక్కడి నాటు జాతి హల్లికార్ ఆవులకి వేసింది సీమజాతి హోల్‌స్టీన్ వీర్యం. 33 ఆవులు చూలు కట్టాయి. అంటే మొదటి రోజు నుంచీ పరాయి రక్తమే కదా!

కొట్టం డాక్టరు:
అప్పట్లో వీర్యం రెండు మూడు రోజులకి మించి ఆగేది కాదండీ, ఆబోతు దగ్గర్లో ఉండాల్సిందే. 1949లో ఇంగ్లండ్‌లో శాస్త్రవేత్తలు కోడిపుంజు వీర్యాన్ని గడ్డకట్టించి దాచాలని కుస్తీ పడుతుంటే, సీసాల చీటీలు తారుమారై, గ్లిజరాల్ కలిస్తే గడ్డకట్టినా కణాలు బతుకుతాయని బయటపడింది. ఆ తర్వాతే ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల్లో దాచడం. చచ్చిపోయిన ఆబోతుకీ దూడలు పుడుతున్నాయి. ఒంగోలు స్ట్రాలూ (వీర్యం నింపిన సన్నటి గొట్టాలు) అలాగే దాచొచ్చు, దాస్తున్నారు కూడా.

నా గొడవ వేరే. స్ట్రాని 37 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ఉంచి వేయాలి. ఒకాయన చొక్కా జేబులో వేసుకుని, టీ తాగి, తీరిగ్గా వేయడం కళ్లారా చూశాను. ఆ ఆవు చూలు కట్టక మూడుసార్లు తిరగపొర్లింది, మళ్లీ ఎదకొచ్చింది. తిట్లేమో జెర్సీకి!

లాం కుర్రాడు:
బాబాయ్, ఈసారి ఒంగోలుదే కావాలని అడిగి చూడండి.

గన్నవరం పాడి:
అడిగానురా. సాయంత్రం నుంచి మా ఆవు ఎదకొచ్చి తీగలు వేస్తోంది. ఫోన్ చేస్తే, "ఒంగోలుది ముందే చెప్పాలండీ, ఇప్పుడు జెర్సీదే ఉంది, తెచ్చేయనా?" అంటున్నాడు.