సిండ్రెల్లా గౌను స్టేజీ మీదే మారాలి, ఎలా?

ప్రశ్న: నమస్కారమండీ. మా అపార్ట్‌మెంట్ పిల్లలతో తెలుగులో సిండ్రెల్లా వేయిస్తున్నాం. ఇంకా మూడు వారాలే ఉంది. దేవత మంత్రదండం తిప్పగానే చిరుగుల బట్టలు పోయి గౌను రావాలి కదా, రిహార్సల్లో పాప లోపలికెళ్ళి మార్చుకొచ్చేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. దేవత పాపం మాటలన్నీ అయిపోయి గుమ్మడికాయను చూస్తూ నిలబడింది. ఇంకోటి, డిస్నీ సినిమా పాటలు పెట్టుకోవచ్చా?

జవాబు: పాపను లోపలికి పంపకండి. గౌను ముందే తొడిగి, దాని మీద వదులుగా చిరుగుల గౌను వేయండి. పైదాన్ని వీపు మీద మెడ నుంచి అంచు దాకా చీల్చి వెల్‌క్రో కుట్టించండి. పొడుగు పట్టీ కాదు, నాలుగేసి అంగుళాలకో చిన్న ముక్క చాలు. దేవత చుట్టూ తిరుగుతూ వెనక నుంచి ఒక్క లాగు లాగాలి. చర్రుమని చప్పుడొస్తుంది, సరిగ్గా అప్పుడే గజ్జెలు మోగించండి. టిచ్ బటన్లు మాత్రం వద్దు. మా నాటకంలో ఒక్కటి ఊడక దేవతా సిండ్రెల్లా తాడాట ఆడారు. లోపలి గౌను మెత్తటి శాటిన్‌దైతే మేలు, లోపల బిరుసు వల గుడ్డ (క్యాన్‌క్యాన్) పెడితే పాప గాదెలా కనబడుతుంది.

ఇంకో జవాబు: అసలు కష్టం అర్ధరాత్రి సీనండీ, గౌను పోయి చిరుగులు తిరిగి రావాలి. దానికి అదే ఎత్తున్న ఇంకో పాప కావాలి. గడియారం కొట్టే ఒక్కో గంటకు రెండు సెకన్లేసుకున్నా పన్నెండు గంటలూ కొట్టేసరికి 24 సెకన్లు. గౌను పాప ఇటు పరుగెత్తి పోతుంది, లైటు తగ్గించి చిరుగుల పాపను తల వంచుకుని అటు నుంచి దాటించండి. ప్లాస్టిక్ చెప్పు ఒక సైజు పెద్దది కొనండి. మాకు అది ఊడనే లేదు, రాకుమారుడు ఖాళీ మెట్టు వెతుక్కున్నాడు.

పాటల సంగతి: ఫ్రెంచి రచయిత పెరో 1697లో అచ్చేసిన సిండ్రెల్లా కథ మీద ఇప్పుడెవరికీ హక్కు లేదు. 1950 డిస్నీ సినిమా పాటలూ, అందులో ఎలుకల పేర్లూ వాళ్ళవి, వాటి జోలికి పోకండి. ఏదైనా జానపద బాణీకి మీరే మాటలు కట్టుకోండి. జర్మనీ గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా కథ చూసి మాత్రం రాయకండి. అందులో దేవతే లేదు, పైగా అక్కలు చెప్పు పట్టడానికి కాలివేలూ మడమా కోసుకుంటారు.

అడిగినవారు: వెల్‌క్రో పనిచేసిందండీ! మొదటిసారి జడ ఇరుక్కుని పాప కెవ్వుమంది, ఇప్పుడు ముడి వేస్తున్నాం. పెరో కథలో ఆరు బల్లులు బంట్లవుతాయట కదా, దానికి పిల్లలు పోటీ పడుతున్నారు. ఒక బామ్మగారేమో బల్లి వేషమేసినవాడు మీద పడితే ఏం ఫలమో పంచాంగం చూసి చెబుతానంటున్నారు.