విమానాలు, రాకెట్ల బ్లూప్రింట్లను చేత్తో అచ్చువేయడం: బోరు నీళ్లలో నీలం నిలవడం లేదు

ప్రశ్న: డ్రాయింగ్ మాస్టరు, నల్లగొండ

అందరికీ నమస్కారం. మా ఉన్నత పాఠశాల సైన్సు గది కోసం రైట్ సోదరుల 1903 నాటి ఫ్లయర్, అపోలో యాత్రల సాటర్న్-5, మన ఎస్‌ఎల్‌వి-3 పటాలను పాత బ్లూప్రింట్ల తీరున, నీలి నేల మీద తెల్ల గీతలుగా, పిల్లలతో కలిసి అచ్చువేస్తున్నాను. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 25 గ్రాముల ఆకుపచ్చ ఫెర్రిక్ అమోనియం సిట్రేటును, మరో 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్‌ను విడివిడిగా కరిగించి, పూత వేసే ముందు సమపాళ్లలో కలుపుతున్నాను. ఎండలో పెట్టినప్పుడు పూత చక్కగా బూడిదరంగుకు తిరుగుతోంది. కానీ బోరు నీళ్లలో కడిగేసరికి నీలం వెలిసిపోతోంది, తెల్లగా రావలసిన గీతల్లో పసుపు ఛాయ మిగిలిపోతోంది. సన్నని గీతలైతే చాలాచోట్ల పూడుకుపోతున్నాయి. వీటికి కారణం ఏమిటో, ఏ మూల చిత్రాలను ఆధారంగా తీసుకుంటే సబబుగా ఉంటుందో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, మిర్యాలగూడ

సార్, మీ పాళ్లు సరిగానే ఉన్నాయి. నేను మొదట అనుమానించేది నీళ్లనే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఫెర్రిక్ ఇనుమును ఫెర్రస్‌గా మారిస్తే, అది ఫెర్రిసయనైడ్‌తో కలిసి ప్రష్యన్ నీలం అవుతుంది. ఈ నీలం ఆమ్లాన్ని ఓర్చుకుంటుంది కానీ క్షారాన్ని ఓర్చుకోదు. మన జిల్లా బోరు నీళ్లు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తుకొస్తుంది. ఇక్కడ తప్పు ఫ్లోరైడ్‌ది కాదు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న భూగర్భ జలాల్లో సాధారణంగా బైకార్బనేటు కూడా ఎక్కువగా ఉండి నీళ్లకు క్షారగుణాన్ని ఇస్తుంది, నీలాన్ని తినేసేది అదే. గీతల్లో మిగిలే పసుపు కూడా దాని పనే, ఎందుకంటే కొట్టుకుపోవలసిన ఇనుము క్షార జలంలో హైడ్రాక్సైడ్‌గా మారి కాగితపు పోగుల్లో చిక్కుకుంటుంది.

మీ పాఠశాల ప్రయోగశాలలోని ఎర్ర లిట్మస్ కాగితాన్ని ఆ నీళ్లలో ముంచి కాసేపు ఉంచండి. నీలిరంగుకు తిరిగితే సందేహం తీరినట్లే. మొదటి కడుగుడుకు లీటరు నీళ్లలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి, పసుపు పూర్తిగా వదిలేవరకు కాగితాన్ని మెల్లగా కదిలించండి. చివరి కడుగుడుకు వాన నీళ్లో, మిషన్ భగీరథ కుళాయి నీళ్లో వాడండి. నకిరేకల్ నిమ్మకాయలు చేతికందేంత దగ్గరలో ఉన్నా రసం మాత్రం వాడవద్దు, దానిలోని చక్కెర, పిప్పి కాగితంలో నిలిచిపోతాయి. గాఢమైన ఆమ్లాలను ఫెర్రిసయనైడ్ దగ్గరికి రానివ్వకండి, ద్రావణాన్ని వేడి చేయకండి, పిల్లల చేతులకు గ్లవ్స్ తప్పనిసరి.

కాగితం విషయం కూడా చూసుకోవాలి. చాలాకాలం పసుపెక్కకుండా ఉండాలని కొన్ని డ్రాయింగ్ కాగితాల్లో కాల్షియం కార్బనేటు కలుపుతారు. అది లోపలి నుంచే ఈ నీలాన్ని చెరుపుతుంది. అది కలపని నూలు గుజ్జు కాగితం దొరికితే తేడా మీకే కనిపిస్తుంది.

జవాబు: పదవీ విరమణ చేసిన డ్రాఫ్ట్స్‌మన్, మహబూబ్‌నగర్

గీతలు పూడుకుపోవడం గురించి నేను చెబుతాను. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతి ఇంజనీర్ల చేతికి వచ్చాక దశాబ్దాల పాటు నిలవడానికి కారణం, దానికి నెగటివ్ అవసరం లేకపోవడమే. ట్రేసింగ్ కాగితం మీద నల్ల సిరాతో గీసిన పటాన్నే పూత మీద పరిస్తే, సిరా ఎండను ఆపిన చోట తెల్ల గీత మిగులుతుంది. కాబట్టి సిరాలోంచి వెలుగు ఏమాత్రం దూరినా గీత నీలిబారుతుంది. ప్రింటర్‌తో ఫిల్మ్ మీద తీసిన గీతలను కిటికీ వెలుగుకు అడ్డంపెట్టి చూడండి. చాలావాటిలో సూదిబెజ్జాలు కనిపిస్తాయి. ఇండియన్ ఇంకుతో, 0.5 మిల్లీమీటర్ల పెన్నుతో పిల్లల చేత గీయించడమే నా దృష్టిలో మేలు. చేత్తో గీసినవాడికి ప్రతి కమ్మీ, ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుంది, అచ్చు తీసినవాడికి ఆ అవకాశం లేదు.

రెండో సంగతి అతుకు. గాజుపలకకు, కాగితానికి మధ్య సందు ఉంటే ఏటవాలు ఎండ గీత కిందికి దూరుతుంది. వెనుక మెత్తటి గుడ్డ పెట్టి క్లిప్పులతో గట్టిగా బిగించండి, ఫ్రేమును సూర్యుడికి ఎదురుగా వంచండి. మే, ఆగస్టు నెలల్లో మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి అప్పుడు ఫ్రేమును నేల మీద పరిచినా చాలు. ఇంకు ఉన్న వైపు పూతకు ఆనితే గీత ఇంకా పదునుగా వస్తుంది, కానీ అప్పుడు పటం కుడిఎడమలు తారుమారవుతాయి, అందువల్ల ముందే అద్దంలో కనిపించినట్లు గీసుకోవాలి.

జవాబు: విమానచరిత్ర మీద ఆసక్తి ఉన్న ఇంజనీరు, వనపర్తి

పెద్దాయన చెప్పిన కుడిఎడమల మాట ఫ్లయర్ విషయంలో చాలా ముఖ్యం. ఆ యంత్రంలో ఇంజను మధ్యగీతకు కుడివైపున, పడుకుని నడిపే మనిషి ఎడమవైపున ఉంటారు. మనిషి కంటే ఇంజను బరువు కావడంతో కుడి రెక్కను 4 అంగుళాలు పొడవుగా కట్టారు. సగం గీసి మిగతా సగాన్ని ప్రతిబింబంగా తిప్పేవారు ఈ తేడాను పోగొడతారు. రెక్కల మొత్తం విస్తారం 12.3 మీటర్లు కాబట్టి 1:25 కొలతలో అది 49 సెంటీమీటర్లకు కాస్త మించి ఏ2 కాగితంలో ఇముడుతుంది. ఆ 4 అంగుళాలు సుమారు 4 మిల్లీమీటర్లుగా కంటికి కనిపిస్తాయి.

మూల చిత్రాలకు రైట్ సోదరుల అమెరికా పేటెంటు, సంఖ్య 8,21,393, అందరికీ అందుబాటులో ఉంది. దానికి 1903 మార్చిలో దరఖాస్తు చేశారు, 1906 మే 22న మంజూరైంది. అయితే అందులో ఉన్నది ఇంజను లేని గ్లైడరు, కాబట్టి దాని కింద ‘1903 ఫ్లయర్’ అని రాయడం సరికాదు. రెక్కల అంచులను మెలితిప్పి, వెనుక చుక్కానితో కలిపి విమానాన్ని అదుపు చేసే ఆలోచన అంతా ఆ పేటెంటులోనే ఉంది, అందుకని దాన్ని విడి పటంగా వేయాలని నా కోరిక.

ఎస్‌ఎల్‌వి-3 విషయంలో ప్రచురితమైన కొలతలతో మీరే బాహ్యరూపాన్ని గీయించి, మూలలోని పట్టికలో ‘ప్రచురిత కొలతల ఆధారంగా తిరిగి గీసినది’ అని, గీసిన విద్యార్థి పేరు, తేదీ రాయించండి. ఆ రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన 1980 నాటికి ఇంజనీరింగ్ కార్యాలయాల్లో నీలి ప్రింట్లు వెనుకబడి, తెల్ల నేల మీద ముదురు గీతల అమ్మోనియా ప్రింట్లు వచ్చేశాయి. అందువల్ల మీది అసలు పత్రం నకలని చూసేవారు అనుకోకుండా ఉండాలి.

ఇంకొక ఏ2 కాగితం మీద మూడింటినీ 1:200 కొలతలో పక్కపక్కన వేయండి. 110.6 మీటర్ల సాటర్న్-5కు 55 సెంటీమీటర్లు, 22 మీటర్ల ఎస్‌ఎల్‌వి-3కు 11, ఫ్లయర్ రెక్కలకు 6 వస్తాయి. ఫ్లయర్ తొలిసారి ఎగిరిన 36.6 మీటర్ల దూరాన్ని చుక్కల గీతగా వేస్తే 18 సెంటీమీటర్లు అవుతుంది. ఆ రోజు నుంచి చంద్రుడి మీద దిగేదాకా, అరవయ్యారేళ్లలో మనిషి ఎంత దూరం వచ్చాడో, గాలిలో వేసిన ఆ మొదటి అడుగు సాటర్న్ పొడవులో మూడోవంతే ఎలా అయిందో పిల్లలు స్కేలుతో కొలిచి చూడగలుగుతారు. నీళ్లలో నాని ఆరిన కాగితం కొంచెం సాగుతుంది, కుంచించుకుంటుంది, కాబట్టి 1:200 అని రాసి ఊరుకోకుండా కొలతపట్టీని కూడా పటంలోనే గీయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నీళ్లను సోమవారం లిట్మస్‌తో పిల్లల ముందే పరీక్షిస్తాను. పటాలను సైన్సు గదిలో కొత్తగా సున్నం వేసిన గోడకు అంటించాలని అనుకుంటున్నాము. దానివల్ల ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు: రసాయనశాస్త్ర అధ్యాపకురాలు, మిర్యాలగూడ

తప్పకుండా ఉంటుంది సార్, సున్నం కూడా క్షారమే. కొత్త సున్నపు గోడకు తాకేలా అంటిస్తే, గోడ చెమ్మగిల్లినప్పుడు వెనుకనుంచి నీలం చెదురుతుంది. వెనుక అట్ట, ముందు గాజు ఉన్న ఫ్రేములో బిగించి, నేరుగా ఎండ పడని గోడకు మేకుతో వేలాడదీయండి. మురికి పట్టిందని సబ్బు నీళ్లతో ఎవరూ తుడవకుండా చూడండి. వెలుగు వల్ల రంగు తగ్గితే మాత్రం కంగారు అక్కరలేదు, పటాన్ని కొన్నాళ్లు గాలి తగిలే చీకటి చోట ఉంచితే ఆ నీలం చాలావరకు తిరిగి వస్తుంది. సున్నం వల్ల పోయిన నీలం అలా తిరిగి రాదు.