సమస్య: తల్లి పెండ్లి చూచి తనయ మురిసె

నిర్వాహకుడు: మిత్రులారా, ఈసారి సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. వినగానే వింతగా తోచే ఈ పాదానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ.

*తల్లి పెండ్లి చూచి తనయ మురిసె*

ఒక చిన్న షరతు. పూరణ ఒక సరదా ప్రేమ సినిమా కథలా ఉండాలి. వేసవి సెలవుల్లో జరగాలి, ఆ ప్రేమ నలుగురూ "ఇదెక్కడి చోద్యం" అనుకునేదై ఉండాలి. పెళ్లి వీడియో చూసి కూతురు మురిసిందని రాస్తే సమస్య తీరుతుంది కానీ కథ పుట్టదు. కాబట్టి ఆ దారి వద్దు.

పూరణ, ఒక సభ్యురాలు:

వేసవి సెలవులకు విడిదింట నొకనాడు
వంటవాని చేతి వంట మెచ్చి
మనసు నిచ్చె నపుడె, మల్లెల పందిట
తల్లి పెండ్లి చూచి తనయ మురిసె

నిర్వాహకుడు: రెండో పాదం ఎంత హాయిగా నడిచిందండీ! యతి కోసం, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరానికి మైత్రి కుదర్చడం కోసం, వెతుక్కున్నట్టే లేదు. నాలుక మీదుగా మనసులోకి దిగిన ప్రేమ, తేలికపాటి సినిమాకు సరిగ్గా సరిపోతుంది. ఒక్క లోటు ఉంది. మనసు ఇచ్చింది ఎవరు? మూడు పాదాలు గడిచినా కర్త కనబడలేదు. ఆమె ఒంటరి అని కూడా తెలియాలి, లేకపోతే పెళ్లికి అడ్డేమీ లేదని చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది? మొదటి పాదాన్ని ఇలా మార్చి చూడండి:

వేసవి విడిదింట వేసారి యొక్కతె

అదే సభ్యురాలు: చాలా బాగుందండీ. "వేసారి" అన్న మాటతో ఆమె అంతకుముందు బతుకు కూడా కొంత తెలిసిపోయింది. మార్చుకుంటున్నాను.

మరొక పూరణ:

విడిచి యుండి వారు వేసవి విడిదిలో
నెదురు పడిరి నవ్విరిద్దరపుడు
పాత వలపు మరల చివురు తొడుగ నాడు
తల్లి పెండ్లి చూచి తనయ మురిసె

ఛందస్సు చూసే మిత్రుడు: గణాలు (పాదంలోని లఘుగురువుల గుంపులు) సరిపోయాయి. మూడో పాదంలో యతి తప్పింది. నాలుగో గణం "చి"తో మొదలైంది, దానికి "పా"తో మైత్రి లేదు. "పల్లవింపగ నాడు" అంటే అర్థం చెడదు, యతీ కుదురుతుంది. రెండో పాదంలో "నవ్విరి + ఇద్దరు" సంధిలో ఉన్న ఇకారం "నెదురు"లోని ఎకారంతో చక్కగా కలిసింది.

నిర్వాహకుడు: దిద్దుబాటు బాగుంది. నాకు ఈ కథే అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది. విడిపోయిన అమ్మానాన్నలే మళ్లీ పెళ్లాడుతుంటే కూతురు దగ్గరుండి చూస్తుంది. సమస్యలోని అసంభవం మాటల విరుపు లేకుండానే విడిపోయింది. విడిపోయిన జంట తిరిగి ఒకటయ్యే కథలు 1930, 40 దశకాల హాలీవుడ్ హాస్యచిత్రాల్లో ఒక పాయగానే నడిచాయి. వాటిలోనూ నవ్వంతా పాత పరిచయం కొత్తగా మొదలవడంలోనే ఉంటుంది.

ఇంకొక పూరణ:

కడలి యొడ్డునందు కలసిన యువకుని
తనకు చిన్నవాని తాను వలచి
నలుగు రేమి యన్న నవ్వుచుండిన పిన
తల్లి పెండ్లి చూచి తనయ మురిసె

ఒక సభ్యుడు: "పిన" ముందు పాదంలో పెట్టి తప్పించుకోవడం పాత ఎత్తే కదండీ? కుంజరయూథం (ఏనుగుల గుంపు) దోమ కుత్తుకలో దూరిందన్న సమస్యను తెనాలి రామకృష్ణుడు ఏనుగుల్లాంటి పాండవులు దోమలాంటి విరాటుని కొలువు చేరిన కథతో విప్పాడని చెప్పుకుంటాం. అక్కడ కథే తాళంచెవి. ఇక్కడ ఒక్క మాట చేర్చగానే చిక్కు మాయమైంది.

నిర్వాహకుడు: మీ మాట ఒప్పుకుంటాను. అయినా ఈ పద్యాన్ని తోసెయ్యలేను. వయసులో చిన్నవాణ్ణి ప్రేమించిన ఆమె ఎవరికీ సంజాయిషీ చెప్పడం లేదు. నలుగురూ ఏమన్నా నవ్వుతూ ఉందట! ఆ మూడో పాదం కోసం ఎత్తును మన్నిద్దాం. "ఈ వయసులో ఇదేం బుద్ధి" అని తల్లిని ఎగతాళి చేసే పూరణలు కూడా రెండు మూడు వచ్చాయి. వాటిని ఇక్కడ పెట్టలేదు. నవ్వు సందర్భంలోంచి పుట్టాలి, ఆమె వయసును ఎత్తిపొడవడంలోంచి కాదు. ఈ విషయంలో నేను మెత్తబడను.

ఆలస్యంగా చేరిన పూరణ:

తనకు వరుని వెదుక తరలిన సెలవులో
నమ్మ వలపు గెలిచె నామె కన్న
ముందు, కినుక లేక ముసిముసి నగవుతో
తల్లి పెండ్లి చూచి తనయ మురిసె

ఛందస్సు చూసే మిత్రుడు: దోషం లేదు. "కన్న / ముందు" అని పాదం దాటి విరగడం కొందరికి నచ్చకపోవచ్చు.

నిర్వాహకుడు: నాకు మాత్రం ఆ విరుపే నచ్చింది. "ఆమె కన్న" అని ఆగి, పాదం మారాక "ముందు" అనగానే కథ మలుపు తిరుగుతుంది, సరిగ్గా అక్కడే నవ్వొస్తుంది. వరుడి కోసం కూతురు బయల్దేరితే ప్రేమ అమ్మకు దొరికింది. సెలవులకు గడువుండటం కూడా కలిసొచ్చింది. తిరుగు ప్రయాణంలోపు ఎవరో ఒకరు తేల్చుకోవాలి, ఆ టెన్షనే సినిమాను నడిపిస్తుంది. "కినుక లేక" అన్న మాట లేకపోతే కూతురి మురిపెం మీద కొంచెం అనుమానం మిగిలేది.

మొదటి సభ్యురాలు: అయితే ఆ కూతురికి వరుడు దొరికాడా లేదా అండీ?

పూరణకర్త: నాలుగు పాదాలే ఇచ్చారు కదండీ! అమ్మ పెళ్లి అయ్యేసరికే నిండిపోయాయి.