మినీ ట్రాక్టర్ లిఫ్ట్ బలహీనపడితే ముందు పంపు మార్చాలా?

నల్గొండ బత్తాయి రైతు:
అందరికీ నమస్తే. మా 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌తో తోటలో చెట్ల మధ్య నాలుగడుగుల రోటవేటర్ తోలుతాం. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు రోటవేటర్‌ను పైకి లేపే లిఫ్ట్ బాగానే లేస్తుంది. పని మొదలై బండి వేడెక్కాక నిదానం అవుతుంది. లేపి ఉంచితే రోటవేటర్ కొంచెం దిగి, మళ్లీ లేచి, మళ్లీ దిగుతూ ఊగుతోంది. ఇంజిన్ ఆపితే టీ తాగి వచ్చేలోపు నేల మీద ఉంటుంది. బయట ఎక్కడా ఆయిల్ కారడం లేదు. ఆయిల్, ఫిల్టర్ ఈ సీజన్‌లోనే మార్చాం, మాన్యువల్‌లో చెప్పిన ఆయిలే పోశాం. మెకానిక్ చూసి లిఫ్ట్‌కు ఆయిల్ తోసే పంపు పోయింది, కొత్తది వేద్దాం అంటున్నాడు. వేయించమంటారా?

గుంటూరు వర్క్‌షాప్ మేస్త్రీ:
వేయించండి అన్నా. వేడెక్కాక తగ్గిందంటే పంపులో గేర్లకీ బాడీకీ మధ్య సందు పెరిగినట్టే. ఆయిల్ చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు ఆ సందులోంచి తక్కువ జారుతుంది. పలచబడ్డాక ఎక్కువ జారుతుంది. ఇలాంటి బళ్లలో పంపు బయటే ఉంటుంది, బోల్టులు విప్పితే ఒక పూటలో అయిపోతుంది. అదే సిలిండర్ ఉండే లిఫ్ట్ కవర్ విప్పాలంటే సీటు తీయాలి, మడ్‌గార్డులు తీయాలి, చైన్ బ్లాక్ కట్టి లేపాలి. సీజన్‌లో రైతు బండిని అన్ని రోజులు షెడ్డులో పెట్టడం నాకు ఇష్టం ఉండదు.

హైదరాబాద్ హైడ్రాలిక్స్:
మేస్త్రీ గారు చెప్పిన కారణం నిజమే. కానీ వేడికి ఆయిల్ పలచబడితే పంపులో ఒక్కచోటే జారదు. లిఫ్ట్ సిలిండర్ పిస్టన్ మీది ఓ-రింగ్ (రబ్బరు సీలు) దగ్గర, సిలిండర్‌లోకి ఆయిల్ పంపి, వదిలే కంట్రోల్ వాల్వు దగ్గర కూడా అలాగే జారుతుంది. కాబట్టి వేడెక్కాక తగ్గిందన్న ఒక్క లక్షణంతో పంపు మీద తీర్పు చెప్పలేం.

అసలు విషయం రెండో లక్షణంలో ఉంది. ఇంజిన్ ఆపాక పంపు తిరగదు. అప్పుడు బరువును పట్టి ఉంచాల్సింది సిలిండర్‌లో చిక్కుకున్న ఆయిలే. ఆ ఆయిల్ వెనక్కి పోకుండా చెక్ వాల్వు ఆపుతుంది. రోటవేటర్ దిగిపోతోందంటే ఆయిల్ పిస్టన్ సీలు దాటి గానీ, వాల్వుల గుండా గానీ పోతోంది. కొత్త పంపు వేసినా అది ఆగదు. ఊగడం కూడా అందుకే. ఆయిల్ జారి లిఫ్ట్ ఆర్మ్స్ కిందికి రాగానే, వాటికి తగిలించి ఉన్న పొజిషన్ లింకేజ్ కంట్రోల్ వాల్వును తెరుస్తుంది, పంపు మళ్లీ పైకి తోస్తుంది. ప్రతిసారీ పైకి తోస్తున్న పంపును పోయిందని ఎలా అంటాం?

ఒక లెక్క చూడండి. 80 మిల్లీమీటర్ల బోరు (లోపలి వ్యాసం), 110 మిల్లీమీటర్ల స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ నిండడానికి అర లీటరు పైచిలుకు ఆయిల్ చాలు. పంపు నిమిషానికి 20 లీటర్లు ఇస్తే రెండు సెకన్ల లోపే లిఫ్ట్ పైకి చేరాలి. ఒకవేళ ఆరు సెకన్లు పడుతోందంటే మూడింట రెండు వంతులకు పైగా ఆయిల్ సిలిండర్‌కు పనికి రావడం లేదు. అది పంపు దగ్గరే తగ్గిందా, దారిలో పోతోందా అన్నది తేల్చాలి. నిదానంగా లేవడం వేరు, బరువు మోయలేకపోవడం వేరు. మొదటిది ఆయిల్ పరిమాణం సంగతి, రెండోది ప్రెజర్ సంగతి.

తేల్చడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. సీటు కింద, లిఫ్ట్ దిగే వేగాన్ని మార్చే నాబ్ ఉంటుంది. రోటవేటర్ లేపి, ఆ నాబ్ పూర్తిగా బిగించి, ఇంజిన్ ఆపండి. చాలా మోడళ్లలో అది సిలిండర్‌కూ కంట్రోల్ వాల్వుకూ మధ్య దారిని మూసేస్తుంది. అప్పుడు నిలబడితే లోపం వాల్వు వైపు. అయినా దిగిపోతే పిస్టన్ సీలు, లేదా ప్రెజర్ మరీ పెరిగితే ఆయిల్ వదిలే, సిలిండర్ వైపున్న సేఫ్టీ వాల్వు. ఆ సమయంలో రోటవేటర్ కింద చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

అమలాపురం వరి రైతు:
మా వైపు దమ్ము చేసే బళ్లలో కథ వేరు. ఇరుసు సీళ్ల దగ్గర నీళ్లు దిగి ఆయిల్ పాలు పోసిన టీలా అవుతుంది. పైన ఫిల్టర్ మారుస్తారు గానీ ఆయిల్ నిలిచే సంపులోని జాలీని ఎవరూ కడగరు. బ్రేకుల పొడి, ప్యాకింగ్ ముక్కలు దానికి పట్టేస్తాయి. ముందు అది చూడాలని నా మాట.

హైదరాబాద్ హైడ్రాలిక్స్:
మంచి మాట. జాలీ మూసుకుపోతే పంపు కూత పెడుతుంది, పైగా ఆయిల్ చిక్కగా ఉండే పొద్దున పూటే ఎక్కువ ఇబ్బంది ఉంటుంది. ఈయన బండికి పొద్దున బాగానే ఉంది. పంపు ఆయిల్ పీల్చుకునే సక్షన్ పైపు ఓ-రింగ్ గాలి పీల్చినా బయట చుక్క కారదు, కానీ ఆయిల్‌లో నురగ కనిపిస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూడండి.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. లిఫ్ట్ తగ్గితే, ప్రెజర్ హద్దు దాటకుండా ఆపే రిలీఫ్ వాల్వు స్ప్రింగ్ కింద వాషర్ వేసి బిగించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దయచేసి అది ఒప్పుకోవద్దు. లీకు అలాగే ఉంటుంది, ప్రెజర్ మాత్రం హద్దు దాటుతుంది. పంపు బాడీ గానీ లిఫ్ట్ హౌసింగ్ గానీ పగిలితే ఇప్పుడు తప్పించుకోవాలనుకుంటున్న ఖర్చుకు ఎన్నో రెట్లు అవుతుంది. పైపుల్లో సన్నటి లీకు ఉందేమోనని వేలితో తడిమి చూడటం కూడా మానండి. ఆ ప్రెజర్‌కు ఆయిల్ చర్మంలోకి దూరుతుంది, వెంటనే ఆపరేషన్ చేయించకపోతే వేలు తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి.

నల్గొండ బత్తాయి రైతు:
నాబ్ బిగించి చూశాం. అయినా దిగిపోతోంది. నురగ లేదు, కూత లేదు. ఇంజిన్ ఆపి ఆయిల్ పోసే మూత తీసి వింటే లోపల సన్నగా సుయ్‌మని వినిపిస్తోంది. ఇప్పుడు కవర్ విప్పించేయనా?

గుంటూరు వర్క్‌షాప్ మేస్త్రీ:
ఆగండి. సిలిండర్ వైపు లీకు ఉందంటే పంపు బాగున్నట్టు కాదు. సీలు అరగడానికి మురికి ఆయిలే కారణమైతే, అదే ఆయిల్ పంపులో గేర్లనూ గీసి ఉంటుంది. కవర్ మళ్లీ ఎక్కించాక లిఫ్ట్ నిదానంగానే ఉంటే నింద మెకానిక్ మీద పడుతుంది. ముందు ప్రెజర్ గేజ్ పెట్టమనండి.

హైదరాబాద్ హైడ్రాలిక్స్:
గేజ్ పెట్టమనే నేనూ అంటాను. బండి పూర్తిగా వేడెక్కాక, పని చేసే ఆర్‌పీఎమ్ మీద చూడాలి. అయితే సిలిండర్ లైన్ కలిపి ఉండగా ప్రెజర్ తక్కువ చూపిస్తే అది ఈ లీకు వల్లే కావచ్చు. ఆ అంకె పట్టుకుని పంపు కొనొద్దు. ట్రాలీని లేపడానికి ఆయిల్ ఇచ్చే బయటి ట్రాలీ పైపు ఉండి, లిఫ్ట్‌ను ఆపే వాల్వు ఉంటే, లిఫ్ట్‌ను మూసేసి అక్కడ గేజ్ పెట్టండి. అప్పుడు మాన్యువల్‌లో రాసిన ప్రెజర్ నిలకడగా చూపిస్తే, ఆ పైపుకు తగిలించిన ట్రాలీ కూడా చురుగ్గా లేస్తే పంపు జోలికి పోనక్కర్లేదు. ఓ-రింగ్, దానికి దన్నుగా ఉండే బ్యాకప్ రింగ్ ఖరీదు వందల్లోనే ఉంటుంది, అసలు ఖర్చు కూలీదే. ఆ తేడా వల్లే పంపు మార్చడం మెకానిక్‌కు తేలిక, రైతుకు భారం.

గుంటూరు వర్క్‌షాప్ మేస్త్రీ:
భారం అన్నమాట నేను ఒప్పుకోను, కూలీ కూడా రైతు జేబులోంచే పోతుంది. సరే, విప్పుతున్నారు కాబట్టి ఒకటి చూడండి. సిలిండర్ లోపల గోరు పెట్టి గీయండి. గోరుకు తగిలే గీత ఉంటే కొత్త సీలు ఎక్కువ కాలం ఆగదు, సిలిండర్ కూడా మార్చాలి. ఎమ్రీ పేపర్‌తో రుద్ది వేసేస్తామంటే వద్దనండి.

నల్గొండ బత్తాయి రైతు:
మా బండికి ట్రాలీ పైపూ ఉంది, లిఫ్ట్ ఆపే వాల్వూ ఉంది. పక్క ఊరి నుంచి గేజ్ తెప్పిస్తున్నా. చూశాక ఇక్కడే రాస్తా.