మాత్రలు తప్పకుండా మింగినా ఐసోనియాజిడ్ ఎందుకు పనిచేయలేదు?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

మా నాయనకు ఊపిరితిత్తుల టీబీ. మొదట తెమడ పరీక్షలో, అదే సీబీనాట్‌లో, రిఫాంపిసిన్ పనిచేస్తుందని వస్తే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ ఉండే మామూలు టీబీ మాత్రలు మొదలుపెట్టారు. ఇప్పుడు ఎల్‌పీఏ (క్రిమి ఏ మందుకు లొంగదో దాని జన్యువుల్లో చూసే పరీక్ష) రిపోర్టులో 'ఐసోనియాజిడ్ రెసిస్టెంట్, కాట్‌జీ మ్యుటేషన్' అని ఉంది. రోజూ పొద్దున్నే నేనే దగ్గరుండి మింగించాను. మూత్రం ఎర్రగా వస్తుంటే మందు పట్టిందనుకున్నాం. ఊళ్లోవాళ్లు 'ఒంటికి మందు అలవాటు పడ్డది' అంటున్నారు. నాయన ఇంక ఏ మందూ వద్దని మొండికేశాడు. ఈ కాట్‌జీ ఏంది? ఆయనకు ఏం చెప్పాలి?

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, సొంతూరు మహబూబ్‌నగర్)

తమ్ముడూ, మారింది నాయన ఒళ్లు కాదు, క్రిమి. ఈ మాట ఆయనకు ముందు చెప్పు.

ఐసోనియాజిడ్‌కు నేరుగా క్రిమిని చంపే శక్తి లేదు. టీబీ క్రిమి సొంత ఎంజైమ్ కాట్‌జీయే దాన్ని అసలైన మందుగా మారుస్తుంది. అప్పుడది ఇన్‌హెచ్‌ఏ అనే ఇంకో ఎంజైమ్‌ను పనిచేయనివ్వదు. క్రిమి చుట్టూ ఉండే మైనపు గోడకు కావలసిన మైకోలిక్ ఆమ్లాలు ఆగిపోతాయి, క్రిమి చస్తుంది.

కాట్‌జీని పూర్తిగా వదులుకుంటే క్రిమికే నష్టం. మన తెల్లకణాలు వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టేది అదే. అందుకే ఎక్కువగా కనిపించే మార్పు చాలా చిన్నది: ఆ ఎంజైమ్‌లో 315వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు త్రియోనిన్. అంతమాత్రానికే మందు ఎంజైమ్ లోపలికి పోయే దారి ఇరుకైపోతుంది, పెరాక్సైడ్ పని మాత్రం చాలావరకు సాగుతూనే ఉంటుంది. ఎల్‌పీఏ పట్టీ మీద కాట్‌జీ దగ్గర మామూలు గీత మాయమై మ్యుటేషన్ గీత తేలినప్పుడల్లా ఆ ఇంటివాళ్లు గుర్తొచ్చి నాకు మనసు కలుక్కుమంటుంది.

మీ మింగించడంలో లోపం లేదు. ఆయనకు మొదటే ఈ రకం క్రిమి అంటి ఉండొచ్చు. సీబీనాట్ రిఫాంపిసిన్ సంగతే చూస్తుంది, అందుకే అప్పుడు దొరకలేదు. మూత్రం రంగు కూడా రిఫాంపిసిన్‌దే.

ఇంకొకరు (అచ్చంపేట)

అన్నా, నా రిపోర్టులో ఇన్‌హెచ్‌ఏ అని రాశారు. రెండూ ఒకటేనా?

ల్యాబ్ టెక్నీషియన్

కాదమ్మా. మీ విషయంలో మందు తయారవుతుంది, కానీ క్రిమి ఇన్‌హెచ్‌ఏనే ఎక్కువ చేసుకుంటుంది. అలాంటప్పుడు డోసు పెంచితే కొందరికి ఐసోనియాజిడ్ పనిచేస్తుంది. ఇథియోనమైడ్ అనే ఇంకో టీబీ మందు కూడా అదే ఎంజైమ్ మీద పనిచేసేది కాబట్టి దాన్ని నమ్ముకోలేం. ఏది ఇవ్వాలో డాక్టరే చూస్తారు.

ప్రశ్న అడిగినవారు

అన్నా, ఇది చదివి వినిపిస్తే నాయన లేచి కూర్చున్నాడు. మరి ఇప్పుడు ఏ మందులు?

ల్యాబ్ టెక్నీషియన్

సంతోషం తమ్ముడూ. మామూలుగా లీవోఫ్లాక్సాసిన్, రిఫాంపిసిన్, ఇథాంబ్యుటాల్, పైరజినమైడ్ ఆరు నెలలు ఇస్తారు. డాక్టరు మార్చేదాకా ఇప్పుడున్న మాత్రలు ఆపొద్దు. ఇంట్లో పిల్లలకు టీబీ రాకుండా ఐసోనియాజిడ్ ఇస్తుంటే మాత్రం ఈ రిపోర్టు డాక్టరుకు వెంటనే చూపించు. ఈ క్రిమి మీద అది పనిచేయదు, వాళ్లకు వేరే మందు అడగాలి.