తైక్వాండో 2000 ఏళ్ల విద్యా, కరాటేకి పెట్టిన కొత్త పేరా?

మూడో డాన్: మా క్లాసు గోడ మీద "2000 ఏళ్ల కొరియా విద్య" అని రాసుంది. నిన్న ఇక్కడొకాయన అదంతా కట్టుకథ, కరాటేకే పేరు మార్చారు అన్నారు. అయ్యా, ప్రాచీన కొరియా రాజ్యం గోగుర్యో నాటి ముయోంగ్‌చోంగ్ సమాధి గోడ మీద ఇద్దరు ఎదురెదురుగా చేతులు చాచి తలపడుతున్న బొమ్మ ఉంది. దానికేమంటారు?

పాత బెల్టు: ఆ ఒకాయన్ని నేనే. ఇద్దరు తలపడితే అది తైక్వాండో అయిపోతుందా? మన గుళ్ల స్తంభాల మీదా మల్లులున్నారు. ఈ పేరు పెట్టింది 1955లో. పెట్టించిన జనరల్ ఛోయ్ హోంగ్‌హీ జపాన్‌లో షోతోకాన్ కరాటే నేర్చుకున్నవాడు. 1944లో సియోల్‌లో చుంగ్ దో క్వాన్ అనే శిక్షణశాల తెరిచిన లీ వాన్‌కుక్ కూడా షోతోకాన్ గురువు ఫునకోషి శిష్యుడే. మొదట్లో ఆ క్లాసుల్లో చేయించినవి కరాటే కతాలే, అంటే వరసగా చేసే కదలికలే.

బజ్జీల బండి: కానివ్వండి, నేనిక్కడే ఉన్నా.

మూడో డాన్: బొమ్మ సంగతి దాటేశారు. ఉందా, లేదా?

పాత బెల్టు: ఉందండీ బాబూ!

ఎడమకాలు: ఇద్దరూ తెక్కియన్ అనే కొరియా పాత యుద్ధక్రీడని వదిలేశారు. 1893లో పుట్టిన సాంగ్ దొక్‌గి అనే పెద్దాయన జొసాన్ రాజుల కాలం నాటి ఆటని బతికించుకొచ్చాడు. ముక్కోణంగా అడుగులు, మోకాళ్లు వంగుతూ లేస్తూ ఊగడం, నోట "ఇక్, ఎక్". 2011లో యునెస్కో గుర్తించింది. ఛోయ్ దానికి దగ్గరగా వినిపించే పేరు వెతుక్కున్నాడు. పేరు అరువు తెచ్చాడు సరే, ఆ ఊగే అడుగు తైక్వాండోలో ఎక్కడుంది?

మూడో డాన్: మరి ఈ ఎత్తు కిక్కులు? గాల్లో తిరిగి తన్నేది ఫునకోషి నేర్పాడా?

పాత బెల్టు: అది ఒప్పుకుంటా, కిక్కులు కొరియాలోనే పెరిగాయి. అదీ 1950ల తర్వాత. పదిహేనేళ్లప్పుడు ఇదే ప్రశ్న మా మాస్టారిని అడిగితే వంద పుషప్స్ తీయించి, ఆ ఏడాది బెల్టు టెస్టుకి రానివ్వలేదు. ఫీజు కూడా తిరిగివ్వలేదు. ఛోయ్ చెప్పిన ఐదు సూత్రాల్లో రెండోది నిజాయితీ. రోజూ మాచేత పైకి చెప్పించేవాడు!

మూడో డాన్: మీ మాస్టారి మీద కోపం మా విద్య మీద తీర్చుకోకండి.

పాత బెల్టు: "మా" ఏంటండీ? నాదీ బ్లాక్ బెల్టే.

మూడో డాన్: నిన్న మీ పోస్టు చదివి మా అమ్మాయి "నాన్నా, మనది కాపీనా?" అంది. ఇరవై రెండేళ్లుగా ఐదింటికి లేస్తున్నా. ఏం చెప్పాలి దానికి?

పాత బెల్టు: కాపీ అని నేననలేదు. 1910 నుంచి 1945 దాకా జపాన్ కింద నలిగిన దేశం. విముక్తి వచ్చాక కరాటే అన్న మాట పలకడమే వాళ్లకి కష్టం. అందుకే కథ అల్లుకున్నారు. పాపకి అదే చెప్పండి, అర్థం చేసుకుంటుంది.

మూడో డాన్: అంటే గోడ మీద రాత చెరపమంటారు.

పాత బెల్టు: అవును.

మూడో డాన్: చెరపను.

ఎడమకాలు: గోడ సంగతి సరే. ఆ అడుగు ఇంకా ఎవరూ చూపించలేదు.